వంటలక్క తలుపు తట్టేదెవరు?



ఈ నెల మేము ఒక టీ.వీ. సీరియల్ గురించి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో సీరియల్ ముచ్చట ఏమిటని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. దయచేసి కడవరకు చదవండి. ఆ తరువాత మమ్మల్ని మందలించినా సంతోషముగా స్వీకరిస్తాము.

2019 వర్షాకాలంలో మేము కురవి మండలంలోని ఒక చిన్న పల్లెకు స్త్రీల కూటానికి వెళ్ళాము. కురవి అనగానే చాలామందికి వీరభద్రస్వామి గుడి, శివరాత్రి జాతర గుర్తుకు వస్తాయి. కాని ఆ చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో మన సంఘాలు కూడా తరతరాలుగా ఉన్నాయి. 1912లో అభిషేకం పొందిన బిషప్ వి.ఎస్. అజరయ్యగారు పొరుగునే ఉన్న డోర్నకల్ కేంద్రంగా పరిచర్య చేసిన రోజుల నుండి ఈ ప్రాంతపు కూలీ కుటుంబాల్లో సువార్త దీపం వెలుగుతూనే ఉంది. ఈ ఊళ్ళలో మన సంఘపు ఆడవారిలో ఎక్కువమంది నాట్లు వేసేవారు, పత్తి తీసేవారు, మిరపకాయలు ఏరేవారే.

ఆ రోజు కూటంలో వాక్యం కంటే ముందు ఒక తగాదా వచ్చింది. గురువారం ప్రార్థన ఏడు గంటలకు మొదలు కావాలి. ఏడున్నరకు సీరియల్ వస్తుంది గనుక ప్రార్థన ఎనిమిది తరువాత పెట్టమని కొందరు స్త్రీలు అడిగారట. సంఘ పెద్ద ఒకాయనకు చాలా కోపం వచ్చింది. "దేవుని సమయం టీ.వీ. కోసం జరపాలెనా? రేపు ఆదివారం ఆరాధన గూడ జరపమంటరు," అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. తలుపు దగ్గర చాప చివర కూర్చున్న ఒక అక్క మాత్రం కొంగు సరిచేసుకుని మెల్లగా ఇట్లా అంది:

"తప్పుగ అనుకోకుండ్రి అయ్యా. ప్రార్థన అయినంక ఎవరింటికి వాళ్ళు పోతరు. మీకు మీ ఇండ్లల్ల మనుషులున్నరు. నేను తలుపు తీస్తే చీకటే ఉంటది. ఆ దీపమ్మ ఏడుస్తుంటే నా బాధ ఇంకెవరో చెప్తున్నట్టు ఉంటది. గా అరగంట నాకు తోడు."

ఆ మాటతో ఆ పెద్దమనిషి కూడా తల వంచుకున్నాడు. మేమైతే సిద్ధపడిన ప్రసంగం పక్కన పెట్టి ఇంటిదారి పట్టాము. దారి పొడుగునా ఆమె మాటే. ఆమె పేరు, ఊరు పేరు మేము వ్రాయము. ఆమె ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. సెలవు రోజుల్లో చేను పనికి పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు భర్త అనుమానపడి వదిలిపోయాడు. పుట్టిన బిడ్డ గురుకులం హాస్టలులో చదువుతోంది. ఆ సీరియల్ వచ్చిన తరువాత ఊళ్ళో వారంతా ఈమెను కూడా "వంటలక్క" అనే పిలుస్తున్నారు.

ఎవరీ దీప?

సీరియల్ చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాము. "కార్తీకదీపం" 2017 అక్టోబరు 16న స్టార్ మా చానెల్‌లో మొదలై, 2023 జనవరి 23న ముగిసింది. పదిహేను వందలకు పైగా భాగాలు వచ్చాయి. దర్శకుడు కాపుగంటి రాజేంద్ర. మలయాళంలో 2014లో ఏషియానెట్‌లో మొదలైన "కరుత్తముత్తు" దీనికి మూలం. ఆ పేరుకు నల్ల ముత్యమని అర్థం. అక్కడ తొలిదశలో నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథ్ గారే తెలుగులోనూ దీప పాత్ర వేశారు.

దీప నల్లని పిల్ల. తల్లి లేదు. ఆ రంగు కారణంగానే సవతి తల్లి చేత మాటలు పడుతూ పెరుగుతుంది. కార్తీక్ అనే గుండె వైద్యుడు ఆమె మనసు చూసి ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. ఆ పాత్రను నిరుపమ్ పరిటాల వేశారు. కార్తీక్‌ను కోరుకున్న మోనిత అనే డాక్టరు, అతనికి పిల్లలు పుట్టే యోగ్యత లేదని ఒక దొంగ రిపోర్టు పుట్టిస్తుంది. దీప గర్భవతి అయిన వార్త విని భర్త సంతోషించవలసింది పోయి, ఆమె శీలాన్ని శంకిస్తాడు. ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఇద్దరు కవల ఆడపిల్లలు పుడతారు. ఒక బిడ్డను అత్తగారు తీసుకువెళ్తుంది. తన కన్నబిడ్డేనని తెలియక ఆ తండ్రి ఆమెను పెంచుకుంటాడు. రెండవ బిడ్డను తల్లి వంటలు చేసి పోషించుకుంటుంది. అట్లా ఆమె "వంటలక్క" అయ్యింది, భర్త "డాక్టర్ బాబు" అయ్యాడు.

ఇంతే కథ. ఈ కథ కోసం సోమవారం నుండి శనివారం వరకు ఏడున్నరకు పల్లెల్లో వీధులు ఖాళీ అయ్యేవి. రేటింగులలో ఏళ్ళ తరబడి తెలుగు సీరియళ్ళన్నిటికంటె పైన నిలిచింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వల్ల షూటింగులు ఆగి, కొత్త భాగాలు రాకపోతే, ఇంటి మనిషి ఊరికి పోయి రానట్టుగా బెంగపడినవారిని మేము చూశాము.

ఎందుకింత పట్టు?

నగల భారంతో, పట్టుచీరలతో, పెద్ద మేడలో అత్తాకోడళ్ళు కుట్రలు చేసుకునే సీరియళ్ళు చాలా వచ్చాయి. మన చెల్లెళ్ళు అవీ చూశారు. కాని దీపను మాత్రం "మా దీప" అన్నారు. కారణం ఆమె పొయ్యి దగ్గర కనబడడమే. ఆమె చేతికి పని ఉంది. ఆమె నెలాఖరు లెక్క చూసుకుంటుంది. బిడ్డ "నాయన ఎవరమ్మా?" అని అడిగితే జవాబు వెతుక్కుంటుంది. పని చేసుకొని బ్రతికే ఒంటరి స్త్రీకి కూడా ఒక మనసు ఉంటుందని, ఆ మనసుకు ప్రేమ కావాలని ఆ సీరియల్ ప్రతి సాయంత్రం చెప్పింది. అంతకుముందు ఆ మాట ఆమెతో చెప్పినవారు ఆమె ఊళ్ళో లేరు.

ఇటువంటి కథ తెలుగువారికి మొదటిసారేమీ కాదు. 1976లో కె. బాలచందర్ తీసిన "అంతులేని కథ" సినిమాలో జయప్రద వేసిన సరిత, కుటుంబమంతటినీ తన జీతంతో మోస్తూ తన పెళ్ళిని వెనక్కి నెట్టుకుంటూ పోతుంది. ఇంటివారికి ఆమె సంపాదన కనబడినంతగా ఆమె ఒంటరితనం కనబడదు.

మన దేశంలోనే కాదు, టీ.వీ. ఇంకా పసిప్రాయంలో ఉన్నప్పుడే అమెరికాలో ఇటువంటి నాటకం ఒకటి వచ్చింది. 1953 మే 24న ఎన్.బి.సి. చానెల్‌లో ప్రసారమైన ఆ నాటకం పేరు "మార్టీ". వ్రాసినవాడు ప్యాడీ చయెఫ్‌స్కీ. మార్టీ మాంసపు కొట్టులో పనిచేసే మామూలు మనిషి. వయసు మీరినా పెళ్ళి కాలేదు. ఒక శనివారం రాత్రి అతడు డాన్సు హాలులో క్లారా అనే బడిపంతులమ్మను చూస్తాడు. ఆమెను వెంట తెచ్చినవాడు, ఆమె అందంగా లేదని, కొంత డబ్బిస్తానని చెప్పి వేరొకరికి అప్పగించి పోవాలని చూస్తాడు. మార్టీ అందుకు ఒప్పుకోడు. ఏడుస్తున్న ఆమె దగ్గరకు వెళ్ళి మాట్లాడతాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటారు. మరునాడు స్నేహితులు ఆమెను ఎగతాళి చేస్తారు. తల్లికి కూడా ఆమె నచ్చదు. అయినా చివరకు అతడు లేచి ఆమెకు ఫోను చేయబోతాడు. నాటకం అక్కడ ముగుస్తుంది. 1955లో దానినే సినిమాగా తీస్తే ఆస్కార్ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది.

ఆ క్లారాకు, మన దీపకు, చాప చివర కూర్చున్న మన అక్కకు మధ్య సముద్రాలున్నాయి. అయినా ముగ్గురికీ కావలసింది ఒకటే. తన మాట వినే ఒక మనిషి.

మన ఊరి వంటలక్కలు

టీ.వీ.లోని వంటలక్కను లక్షలమంది చూశారు. మన ఊరి బడిలోని వంటలక్కను ఎందరము చూశాము? 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుండి ఆ పథకం నడిచింది. పొదుపు సంఘాల స్త్రీలు గరిటె పట్టారు. 2009లో కేంద్ర ప్రభుత్వం వారికి నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. వారిని ఉద్యోగులు అనలేదు. అందుకే జీతమనక గౌరవ వేతనమన్నారు. పొయ్యి పొగలో కళ్ళు మండినా, బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో ఉద్దెర తెచ్చి మన పిల్లలకు అన్నం పెట్టినవారు వీరే. వీరిలో భర్త చనిపోయినవారు, వదిలివేయబడినవారు ఎందరో ఉన్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పెన్షను మొదలుపెట్టింది. 2019లో అది 2,016 రూపాయలైంది. భర్త వదిలి ఏడాది దాటినవారితో పాటు, పల్లెల్లో 30 ఏళ్ళు నిండినా పెళ్ళి కానివారిని కూడా అందులో చేర్చారు. విధవరాలు కాక, భర్త దగ్గరా లేక, ఏ లెక్కలోనూ పడని స్త్రీలు ఇంతమంది ఉన్నారని ప్రభుత్వపు కాగితం ఒప్పుకున్నది.

మన అక్కను మేము తరువాత ఒకసారి అడిగాము, "అమ్మా, ఆ పెన్షను నీకు వస్తున్నదా?" అని. రావడం లేదంది. దరఖాస్తే పెట్టలేదట. ఎందుకని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "ఆ కాయితం మీద ఒంటరి అని రాయాలె గద. వేలుముద్ర పెట్టబోతే చెయ్యి రాలేదమ్మా. ఆయన రేపు వస్తడేమో అని."

పద్నాలుగేళ్ళు గడిచినా "రేపు వస్తడేమో" అన్న ఆశ. ఈ ఆశను చూసి నవ్వవద్దు. అయితే ఈ ఆశను ఎవరు పెంచుతున్నారో మాత్రం ఆలోచించాలి.

సీరియల్ ఇక్కడ తప్పిపోయింది

దీపను మన ముందు నిలిపినందుకు ఆ సీరియల్‌ను మెచ్చుకున్నాము. తప్పును కూడా చెప్పాలి గదా.

ఒక దొంగ కాగితంతో పుట్టిన అనుమానం అది. మరొకసారి పరీక్ష చేయించుకుంటే తీరిపోయేది. ఆ పని చేయవలసినవాడు స్వయంగా డాక్టరు. అయినా కథను ఏళ్ళ తరబడి సాగదీశారు. 2022లో నాయికానాయకులు ప్రమాదంలో పోయినట్టు చూపారు. పిల్లలు పెద్దవారైన కథ నడిపారు. మళ్ళీ అదే ఏడు ఆ ఇద్దరినీ తిరిగి తెచ్చారు. అది ముగిసిన తరువాత 2024 మార్చి 25న అదే జంటతో "ఇది నవవసంతం" అనే పేరు చేర్చి కొత్త కథ ఆరంభించారు. వ్యాపారం వారిది, దాన్ని మేము ప్రశ్నించము. కాని ఇంతకాలం మన చెల్లెళ్ళకు అందిన పాఠమేమిటి? ఓర్చుకో, ఏడువు, ఎదురుచూడు, ఒకనాడు డాక్టర్ బాబు వచ్చి చెయ్యి పట్టుకుంటాడు అని. మన ఊళ్ళలో వదిలి వెళ్ళిన భర్తలు చాలామంది తిరిగి రాలేదు. వారి కోసం తలుపు తెరిచిపెట్టి, తమకు రావలసిన హక్కును కూడా అడగకుండా ముసలివారైన స్త్రీలు ఉన్నారు.

హాగరును జ్ఞాపకం చేసుకొనండి. ఆదికాండము 21వ అధ్యాయంలో ఆమె బిడ్డతో అరణ్యంలో ఉంది. తిత్తిలోని నీళ్ళు అయిపోయాయి. దేవుడు అబ్రాహామును వెనక్కి పంపలేదు. ఆమె కళ్ళు తెరిచి నీటి ఊటను చూపించాడు. ఆమె ఆ నీళ్ళతో బిడ్డను బ్రతికించుకుంది, ఆ బిడ్డకు పెళ్ళి కూడా తానే చేసింది. ఒంటరి తల్లికి దేవుడిచ్చినది ఎదురుచూపు కాదు, బ్రతుకుదెరువు.

మరొక సంగతి. అనుమానం కలిగినప్పుడు భర్త ఎట్లా ప్రవర్తించాలి? మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని యోసేపును చూడండి. మరియమ్మ గర్భవతి అని తెలిసినప్పుడు అతనికి కారణం తెలియదు. అయినా ఆమెను నలుగురిలో అవమానపరచడానికి అతడు ఇష్టపడలేదు. దేవుని మాట వినగానే ఆమెను చేర్చుకున్నాడు. చదువుకున్న డాక్టర్ బాబుకు ఏళ్ళు పట్టిన పని, నజరేతు వడ్రంగి ఒక్క రాత్రిలో చేశాడు. మన ఇండ్లలోని మగవారు ఈ భాగాన్ని క్రిస్మస్ నెలలోనే కాక మిగతా నెలల్లో కూడా చదవాలి.

చట్టం కూడా ఈ స్త్రీని విడిచిపెట్టలేదు. వివాహబంధం నిలిచి ఉండగా పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే చట్టం మొదట భావిస్తుంది. కాదనేవాడే రుజువు చూపాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షనులో ఉన్న ఈ సూత్రం, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షను. భర్త పోషించకుండా వదిలితే భార్యా పిల్లలు భరణం అడగవచ్చు. వెనుకటి 125వ సెక్షను ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. భర్త వ్యభిచారం ఒక్కటే చూపితే భార్యకు విడుదల దొరికేది కాదు, దానితో పాటు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా రుజువు చేయవలసి వచ్చేది. భర్తకు ఆ షరతు లేదు. 2001లో ఆ చట్టాన్ని సవరించి ఇద్దరినీ సమానం చేశారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. కష్టంలో ఉన్న స్త్రీ 181 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇవి సీరియల్‌లో చెప్పని మాటలు. కూటములలో మనమైనా చెప్పాలి.

నలుపు గురించి ఒక ఒప్పుకోలు

దీప కష్టాలకు మొదటి కారణం రంగు. విచిత్రమేమంటే, నల్లని స్త్రీ కథ చెప్పడానికి కూడా నటి ముఖానికి నలుపు పూసి చూపవలసి వచ్చింది! 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకొని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారింది. పెళ్ళిచూపులలో మన చూపు మారిందా?

పరమగీతము మొదటి అధ్యాయంలోని పడుచు ఎండకు నల్లబడినది. అన్నదమ్ములు ఆమెను ద్రాక్షతోటలకు కావలి పెట్టారు. ఇంటివారి కోసం పనిచేసి రంగు తగ్గిన పిల్ల ఆమె. ఆ సంగతి దాచుకోకుండా తలెత్తి చెప్పుకుంటుంది. బైబిలులో ప్రేమ గురించిన గ్రంథానికి నాయిక ఒక కూలిపని చేసిన నల్లని పిల్ల అని మనం ఎన్నడైనా ప్రసంగంలో విన్నామా?

ఇప్పుడు మా ఒప్పుకోలు. క్రైస్తవ పత్రికల వివాహ ప్రకటనలలో "రక్షణ పొందిన, తెల్లని వధువు కావలెను" అని అచ్చయినవి మనమందరం చదివినవే. రక్షణకూ రంగుకూ పక్కపక్కన చోటిచ్చాము. పత్రికలు నడిపే మేము ఆ మాటలను కొట్టివేయలేదు, చదివే మీరు అభ్యంతరం చెప్పలేదు. కట్నం సంగతి చెప్పనే అక్కర లేదు. 1961లోనే నిషేధించిన కట్నాన్ని మనం "కానుక" అని పేరు పెట్టి ప్రార్థన చేసి మరీ పుచ్చుకున్నాము. నల్లగా ఉన్నదని, కట్నం లేదని ముప్పై ఏళ్ళు దాటినా ఇంట ఉండిపోయిన పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. గాయకబృందంలో వారి గొంతు మనకు కావాలి. సండే స్కూలులో వారి పని మనకు కావాలి. వారికి ఒక సంబంధం చూడటం మాత్రం మన పని కాదనుకున్నాము.

తోడు కోరడం పాపమా?

ఒంటరి స్త్రీ తోడు కోరుకుంటే ఊరు నవ్వుతుంది. సంఘము గుసగుసలాడుతుంది. కాని రూతు గ్రంథాన్ని చదవండి. రూతు విధవరాలు, పరదేశి, పొలంలో పరిగె ఏరుకొని బ్రతికే కూలిమనిషి. ఆమెకు ఒక ఇల్లు, ఒక నెమ్మది కావాలని మొదట తలపెట్టినది ఎవరు? ఆమె అత్త నయోమి. కొడుకును పోగొట్టుకున్న తల్లే కోడలి మరుపెళ్ళికి దారి చూపింది. బెత్లెహేము పెద్దలు గుమ్మము దగ్గర కూర్చుండి సాక్షులై దీవించారు. పౌలు భక్తుడు కూడా భర్త చనిపోయిన స్త్రీ ప్రభువునందు వివాహం చేసుకొనుటకు స్వతంత్రురాలని కొరింథీయులకు వ్రాశాడు.

మన కూటములలో నయోమిలు ఎందరున్నారు? మనం దారి చూపకపోతే ఆ స్త్రీ దారి తానే వెదుక్కుంటుంది. ఫోనులో తీపి మాటలు చెప్పి, పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, కూడబెట్టిన పొదుపు డబ్బులు లాగేసుకునేవారు కాచుకొని ఉన్నారు. మోసపోయిన తరువాత "ముందే చెప్పాము గదా" అనడం సులువు. ముందు చెప్పవలసినది, చేయవలసినది వేరే ఉన్నది.

పెళ్ళి వద్దనుకొని సేవలో సంతోషముగా ఉన్న స్త్రీలు కూడా ఉన్నారు. వారిని బలవంతపెట్టనక్కర లేదు. అజరయ్యగారి జీవితచరిత్రను 1946లో వ్రాసిన కేరల్ గ్రాహంగారు సేవకే అంకితమైన స్త్రీ. ఒంటరిగా ఉండడం లోపం కాదు. ఒంటరిగా వదిలివేయబడడమే బాధ.

మరి ఆ గురువారం ప్రార్థన ఏమైంది?

ఆ సంగతి చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. మేము తిరిగి వచ్చిన రెండు వారాలకు ఆ సంఘపు స్త్రీలు ఒక నిర్ణయం చేసుకున్నారని తెలిసింది. ప్రార్థన ఎప్పటివలెనే ఏడు గంటలకు పెట్టారు. అయితే గుడిలో కాదు, ఒంటరిగా ఉన్నవారి ఇండ్లలో, వారానికొక ఇంట. మొదటి వారం వంటలక్క ఇంట్లో. ఆరుగురు వస్తున్నారని తెలిసి ఆమె చాలా తొట్రుపడిందట. ఇంట్లో ఉన్నవి మూడు గ్లాసులు. పక్కింట్లో చక్కెర బదులు తెచ్చి చాయ పెట్టింది. పాట, ప్రార్థన అయ్యేసరికి ఏడున్నర. అందరూ లేవబోతుంటే ఆమె, "కూసుండ్రి, గింత చూసి పోదురు," అన్నది. ఆరుగురూ చాప మీద కూర్చుని దీపను చూశారు. దీప ఏడ్చినప్పుడు ఆమె ఏడ్చింది. ఈసారి ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంది.

కోపపడిన ఆ సంఘ పెద్దే తరువాత ఆమె బిడ్డ చదువు కాగితాల కోసం మహబూబాబాదుకు రెండుసార్లు తిరిగాడు. పెన్షను దరఖాస్తు మీద వేలుముద్ర వేయడానికి ఆమెకు ఇంకో ఏడు పట్టింది. వేసిన రోజు ఇంటికి వచ్చి బాగా ఏడ్చిందని, తరువాత కోడిని కోసి అందరికీ వండిపెట్టిందని విన్నాము. అంత రుచిగల కూర తాము ఎన్నడూ తినలేదని ఆ స్త్రీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నేళ్ళు ఆమె వండినది వారి పిల్లలు తిన్నారు గాని, ఆమె ఇంట్లో కూర్చుని తినడం వారికి అదే మొదలు.

ఆదిసంఘంలో కూడా ఇట్లాగే జరిగింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో కొందరు విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణిగినవారిని గద్దించలేదు. ఆ పని చూచుటకు ఏడుగురిని ఏర్పరచారు. సణుగు విని పనివారిని ఏర్పరచుకున్న సంఘమే పెరిగిందని అదే అధ్యాయం చెబుతుంది.

2023 జనవరిలో సీరియల్ అయిపోయింది. ఆ ఊరి గురువారం కూటం మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆ అక్క చాప చివర కూర్చోవడం లేదు. పొరుగు వీధిలో కొత్తగా పుట్టింటికి తిరిగివచ్చిన ఒక చిన్నపిల్ల ఉంది. ఎవరితోనూ మాట్లాడదు. ఆమెను చెయ్యి పట్టి తీసుకువచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంటున్నది.

ప్రియులారా, ఈ సాయంత్రం మీ ఇంట కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక్క నిమిషం ఆలోచించండి. మీ వీధిలో ఏ ఇంట్లో టీ.వీ. ఒక్కటే మాట్లాడుతోంది? ఆ తలుపు మీకు ఎంత దూరం? వెళ్ళి తట్టండి. సీరియల్ మధ్యలో అయినా ఫరవాలేదు. ఆమె లేచి తలుపు తీస్తుంది.